చింతపులుసు బ్రహ్మయ్యది, తప్పు నాది

వారం కింద ఒక పొద్దున మా షెడ్డులో ఒక లారీ రేడియేటర్ కింది నల్లా తిప్పగానే నీళ్లు ఎర్రగా, చిక్కగా వచ్చి నేలమీద పారాయి. వేడి నీళ్లలో నానిన తుప్పుకు ఒక వాసన ఉంటుంది. రాత్రి పులుసు మిగిలిపోయిన ఇనుప మూకుడు మీద పొద్దున మూత తీస్తే వచ్చే వాసన లాంటిది. దాదాపు ఇరవై ఏళ్లుగా రోజూ పీలుస్తున్నదే కనుక నేను పట్టించుకోలేదు. నా దగ్గర ఏడేళ్లుగా పనిచేస్తున్న మల్లేశం మాత్రం ఆ నీళ్లను చీపురుతో పక్కకు తోస్తూ లారీ డ్రైవరుతో, "గీ రంగు నీళ్లకు చింతపులుసే మందన్నా. ఎనకట మన ఊర్ల ఎవడో కంచరాయన డాక్టరు కారుకు చారు పోసి ఇంజన్‌ను సంపిండట," అన్నాడు. డ్రైవరు నవ్వాడు. పక్కన టైరు విప్పుతున్న వాళ్లూ నవ్వారు. నా పెదవి కూడా కదిలింది. అది నవ్వో కాదో నాకే తెలియదు కానీ, చూసేవాళ్లకు నవ్వులాగే కనబడి ఉంటుంది.

ఆ కంచరాయన పేరు బ్రహ్మయ్య. ఆ కారు డ్రైవరును నేను. ఇంజన్ చెడిపోయింది ఆయన పోసిన పులుసు వల్ల కాదు, ఆ తర్వాత నేను చేయకుండా వదిలేసిన పని వల్ల. సిద్దిపేటలో ఈ కథ నవ్వులాటగా తిరగబట్టి పాతికేళ్లవుతోంది. దాన్ని ఆపగలిగిన మనిషిని ఊళ్లో నేనొక్కణ్నే ఉన్నాను, ఆపలేదు. ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఆయన్ని ఎన్నడూ చూడని మీకు ఆయన ఎలాంటివాడో చెప్పి, ఆనాడు జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

బ్రహ్మయ్యది బిందెలు, చెంబులు, తాంబాళాలు చేసే ఇల్లు. సిద్దిపేట చుట్టుపక్కల ఏ పెండ్లి జరిగినా ఇత్తడి సామాను ఆయన చేతి కింద నుంచి పోవలసిందే. పొట్టి మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కూతుర్నీ హైదరాబాదు రోడ్డు మీది ములుగులో ఇచ్చాడు. కళ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగిపోతే దాని జాగాలో రాగి తీగ వంచి చెవికి తగిలించుకున్నాడు. ఏ గిన్నె చేతికిచ్చినా ముందు వేలి గణుపుతో కొట్టి వినేవాడు, తర్వాతే చూసేవాడు. ఎవరైనా సొట్టపడ్డ బిందె తెస్తే, అత్తాకోడళ్లు దీనితోనే కొట్టుకున్నారా అని అడిగేవాడు. వాళ్లు ఆయన్ని నాలుగు మాటలు అనేవాళ్లు. ఆ మాటలు వింటూ సొట్ట తీయడం ఆయనకు ఇష్టం.

యుద్ధం వచ్చి ఆయన పనిని మార్చేసింది. నలభై మూడో, నలభై నాలుగో ఆ రోజులు. ఇత్తడి రేకు హైదరాబాదు నుంచి రావడం తగ్గి, ఆ తర్వాత మొత్తానికే నిలిచిపోయింది. పెట్రోలు దొరక్క బస్సులకు వెనక బొగ్గు పొయ్యి కట్టి ఆ గ్యాసుతో నడిపేవారు. అవి ఎండలో ఎద్దుల్లా రొప్పుతూ దారిలో పది చోట్ల ఆగి నీళ్లు తాగేవి. రేడియేటర్ కారిందంటే కొత్తది రాదు. ఒక బస్సు యజమాని ఇంకో దారి లేక, కారుతున్న రేడియేటర్‌ను విప్పించి ఎడ్లబండిలో తెచ్చి బ్రహ్మయ్య అరుగు మీద దింపాడట. ఆయన దాని చుట్టూ తిరిగి, వేలితో కొట్టి విని, "పేరే కొత్తది. సామాను మా ఇత్తడి, మా రాగే గద," అన్నాడట. పొద్దుగూకేలోగా టంకం పెట్టి అతికి నీళ్లు నిలిపాడు. ఏడాది తిరిగేసరికి ఆయన వాకిట్లో మోటరు సామాను తప్ప వేరేది కనబడేది కాదు.

నాది దుబ్బాక. మా బాపు మగ్గం నేసేవాడు. మా వంశంలో మోటరు చక్రం పట్టిన మొదటివాణ్ని నేను. హైదరాబాదు నుంచి వచ్చి సిద్దిపేటలో దవాఖాన పెట్టుకున్న ఒక డాక్టరు గారి దగ్గర ఇరవై నాలుగేళ్ల వయసులో కొలువు దొరికింది. ఆయనకు పాత నల్ల కారు ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా అందులోనే పోయేవారు. నాకు ఖాకీ కోటు కుట్టించారు. దుబ్బాక పోయినప్పుడు ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పేవాణ్ని కాదు. నా పెళ్లి కొత్త. అత్తగారి వాళ్లకు కూడా ఆ కోటంటే చాలా గొప్ప. నేను చక్రం తప్ప ఇంకేదీ ముట్టనని, కడగడాలూ తుడవడాలూ వేరే మనుషులు చేస్తారని వాళ్లతో చెప్పి ఉన్నాను.

కొలువులో చేరిన కొన్నాళ్లకు కారు నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. వదిలేసి కొత్తవి పోస్తే వారానికే మళ్లీ అదే రంగు. చివరికి బ్రహ్మయ్య దగ్గరికి పోయాను. ఆయన రేడియేటర్ వైపు చూడనైనా చూడలేదు. ఆ నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టించి అరుగు మీద పెట్టి, నన్ను పక్కన కూర్చోమన్నాడు. ఏం చేద్దాం కాకా అని అడిగాను.

"ఏం జెయ్యొద్దు. నీళ్లను గూడ జర కూసోనియ్యి."

ఒక తమలపాకు నమిలేంత సేపయ్యాక గ్లాసును ఎండకెత్తి పట్టుకున్నాడు. పైన జిడ్డు తేలితే రోగం ఇంజన్ లోపల ఉన్నట్టు, అది తన చేతిలో లేదన్నాడు. అడుగున ఎర్రగా పేరుకుంటే తుప్పు. తెల్లగా సున్నంలా పేరుకుంటే పోసిన బావి నీళ్లు మంచివి కావు. ఆకుపచ్చ తిరిగితే మాత్రం భయపడాలి, ఇత్తడి కరిగిపోతున్నట్టు లెక్క. ఇవన్నీ చెప్పి గ్లాసు నా చేతికిచ్చి, నా నీళ్లలో ఏమున్నాయో నన్నే చెప్పమన్నాడు. అడుగున ఎరుపూ ఉంది, తెలుపూ ఉంది. అదే చెప్పాను.

"ఎర్రది కారు తప్పు. తెల్లది నీ తప్పు," అన్నాడు. "ఏ బాయి నీళ్లు పోస్తున్నవ్?"

ఏది దగ్గరుంటే అది అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు మా బాపు నూలు చిక్కుపెట్టినవాణ్ని చూసే చూపు. ఆ వారమే తొగుటలో ఆయనకేదో పని పడితే డాక్టరు గారిని అడిగి మా కారులోనే వచ్చాడు. ముందు సీట్లో నా పక్కన కూర్చుని దారిలో బావి కనబడిన ప్రతిచోటా ఆపించాడు. ఒక ఊరి బయట ఒక ముసలామె నీళ్లు చేదుతోంది. బ్రహ్మయ్య దిగి పోయి, "అవ్వా, గీ నీళ్లల్ల కందిపప్పు ఉడుకుతదా?" అని అడిగాడు.

"ఉడుకుతది. ఎవలింట్ల పెండ్లి?"

"పెండ్లి గాదు. మోటరుకు."

ఆమె కారు వైపూ ఆయన వైపూ చూసి, "మోటరు పప్పు గూడ తింటదా? మరి నెయ్యెవలు పోస్తరు?" అంది. వెనక సీట్లో డాక్టరు గారు పడి పడి నవ్వారు. బ్రహ్మయ్య నవ్వలేదు. తిరిగి వచ్చి కూర్చుని నాకు చెప్పాడు: పప్పు ఉడకనివ్వని నీళ్లలో ఉప్పూ సున్నమూ ఉంటాయి, అవే రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుపోతాయి, ఈ సంగతి ఏ ఇంజనీరునూ అడగనక్కర్లేదు, నీళ్లు మోసే ఆడదాన్ని అడిగితే చాలు. సిద్దిపేట నుంచి దుబ్బాక, తొగుట దాకా ఏ ఊళ్లో ఏ బావిలో పప్పు ఉడుకుతుందో నాకు నెల రోజుల్లో నోటికొచ్చింది. రోడ్డంటే మలుపులూ గుంతలూ అనుకునేవాణ్ని. ఆయనతో తిరిగాక రోడ్డంటే బావులూ, వాటి దగ్గర నీళ్లు చేదే మనుషులూ అయింది.

తుప్పు తీయడానికి చింతపండు వాడింది కూడా అప్పుడే మొదటిసారి చూశాను. ఇత్తడిని చింతపండుతో తోమడం ప్రతి ఇంటికీ తెలిసిందే. ఆయన ఆ తెలివినే మోటరుకు తెచ్చాడు. చింతపండు నానబెట్టి, పిసికి, గొట్టాల్లో పిప్పి అడ్డం పడకుండా గుడ్డలో మూడుసార్లు వడగట్టి, పలచని పులుసును రేడియేటర్‌లో నింపాడు. ఇంజన్ కాసేపు తిప్పించి ఒక పూట అలాగే ఉంచాడు. నల్లా విప్పితే తుప్పంతా కరిగి నల్లగా వచ్చింది. నేను పనైపోయిందనుకున్నాను. ఆయన దృష్టిలో పని అప్పుడు మొదలైంది. మంచినీళ్లు నింపడం, ఇంజన్ తిప్పడం, వదిలేయడం, మళ్లీ నింపడం. మూడోసారికి నీళ్లు అద్దంలా వచ్చాయి. ఆయన మాత్రం నల్లా కింద వేలు పెట్టి ఒక చుక్క నాలుకకు రాసుకుని తల అడ్డంగా ఊపాడు.

"రంగు ఎప్పుడో పోతది. పులుపు అంత జల్ది పోదు. పులుపును పెట్టి ఊకుంటే, మీద ఉప్పునీళ్లు తాకితే, రెండూ గలిసి అతుకుల్ని తింటయి."

తొమ్మిదోసారికి గానీ ఆయన నాలుక ఒప్పుకోలేదు. నన్ను కూడా రుచి చూడమన్నాడు. కారు కడుపులోంచి వచ్చిన నీళ్లను నాలుక మీద పెట్టుకోవడానికి నాకు రోత పుట్టింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ముట్టుకున్నాను. ఆయన అది కనిపెట్టాడు. ఆ రోజు జొన్న రొట్టె విరిచి సగం నాకు పెట్టి, తిరిగేటప్పుడు ఇంజన్ చప్పుడు వింటూ పొమ్మన్నాడు. అలా విన్నాక తెలిసింది, అది అంతకుముందు ఎంత ఆయాసపడుతూ నడిచేదో. కోటు వేసుకున్న నాడు డ్రైవరునయ్యాననుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా పని నాకు తెలియడం మొదలైంది ఆ పూట నుంచే.

తర్వాతి వేసవిలో నీళ్లు మళ్లీ ఎరుపు తిరిగాయి. బ్రహ్మయ్య పొద్దున్నే డాక్టరు గారి ఇంటి వాకిట్లోకి వచ్చి పులుసు పోశాడు. మధ్యాహ్నం నల్లా విప్పి వదిలేస్తుండగా, చెల్లెలి ఇంట్లో ఎవరో పోయారని కబురు వచ్చింది. పోక తప్పదు. కడగడం నాకు అప్పజెప్పాడు. మంచినీళ్ల బావివే పొయ్యమని, నాలుకకు చప్పగా తగిలేదాకా ఆపవద్దని రెండుసార్లు చెప్పి పోయాడు.

మంచినీళ్ల బావి దూరం. కావడితో మోసుకొచ్చి రెండుసార్లు కడిగాను. రెండోసారి నీళ్లు తేటగా వచ్చాయి. చుక్క వేలి మీద పట్టుకున్నాను. అప్పుడే నా భార్య తమ్ముడు రాములు, దుబ్బాక నుంచి తువ్వాళ్లు అమ్ముకోవడానికి వచ్చిన ఇద్దరు దోస్తులను వెంటేసుకుని వాకిట్లోకి వచ్చాడు. బావ నడిపే కారు చూపిస్తానని వాళ్లను తీసుకొచ్చాడట. నా భుజం మీద కావడి తడి ఉంది. కాళ్లకు బురద ఉంది.

"గీ పన్లు గూడ నువ్వే చేస్తవా బావా?" అన్నాడు.

పనిమనిషి రాలేదని, ఊరికే చూస్తున్నానని చెప్పాను. వేలి మీది చుక్కను కోటుకు తుడిచాను. నల్లా బిగించి, వాకిట్లోనే ఉన్న ఉప్పునీళ్ల బావిలోంచి మూడు బొక్కెనలు చేది రేడియేటర్ నింపేసి మూత పెట్టి, ముగ్గురినీ చాయ్ తాగడానికి తీసుకుపోయాను. పొద్దున వదిలేసి మళ్లీ కడుగుదామనుకున్నాను. పొద్దున డాక్టరు గారు ఏదో పని మీద బస్సులో హైదరాబాదు పోయారు, పన్నెండు రోజులు రాలేదు. కారు కొట్టంలో ఉంది. నేను దుబ్బాకలో ఉన్నాను. మరిచిపోయానని రాయాలని ఉంది. కానీ మరిచిపోలేదు. రెండుసార్లు గుర్తొచ్చింది. రెండుసార్లూ ఏం కాదులే అనుకున్నాను.

నేను తిరిగొచ్చాక బ్రహ్మయ్య బజారులో ఎదురై, కడిగావా అని అడిగాడు. కడిగానన్నాను. నాలుక పెట్టి చూశావా అన్నాడు. చూశానన్నాను. ఆయన నా భుజం తట్టి, ఇక నీకు నా అవసరం లేదు బిడ్డా అని నవ్వుకుంటూ పోయాడు.

డాక్టరు గారు వచ్చిన మరునాడే తొగుట నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఒకామెకు రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. వెంటనే బయలుదేరాం. ఊరు ఇంకా నాలుగు మైళ్లు ఉందనగా కాలిన వాసన వచ్చింది. ఆగి చూడాలని చేతికి తెలుసు. వెనక నుంచి డాక్టరు గారు తొందరపెడుతున్నారు. ఇంకో మైలు లాగాను. ఆవిరి ముందు అద్దాన్ని కప్పేసింది, ఇంజన్ ఒక మూలుగు మూలిగి బిగుసుకుపోయింది. దిగి చూస్తే రేడియేటర్ అతుకులు నాలుగు చోట్ల విడిపోయి ఉన్నాయి. లోపల మిగిలిన కాసిని నీళ్లు దుమ్ములోకి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఆకుపచ్చగా.

డాక్టరు గారు ఆ దారిన పోతున్న ఒక రైతు ఎడ్లబండి ఎక్కి పోయారు. ఆయన చేరేలోపే మంత్రసాని ఆ బిడ్డను సరిచేసి బయటికి తీసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. అటు నుంచి వచ్చిన బండివాళ్లు ఆ వార్త చెబితే విని నేను రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని అప్పుడే మనసులో ఒక మూల అనుకున్నాను కూడా. నా తర్వాతి పనిని ఆ ఊరటే సులువు చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. పొద్దు వాలే వేళ డాక్టరు గారు తిరిగి వచ్చి, దుమ్ములో ఆకుపచ్చ మరకను చూపించి, ఇవేం నీళ్లని అడిగారు.

"బ్రహ్మయ్య చింతపులుసు పోసిండు సాబ్," అన్నాను.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఇన్నేళ్లలో నేను చాలా అబద్ధాలాడాను గానీ, ఆ నిజమంత చెడ్డది ఏదీ లేదు.

మరునాడు ఎడ్లతో కారును లాగించుకొచ్చి దవాఖాన ముందు నిలబెట్టాం. బ్రహ్మయ్యకు కబురు పోయింది. అరుగు మీద రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, బస్సు యజమాని, ఆయన మనుషులు. డాక్టరు గారు మామూలుగా గట్టిగా మాట్లాడరు. ఆ రోజు మాట్లాడారు. మోటరు వంటింటి గిన్నె అనుకున్నావా అన్నారు. ఇంకొంచెం ఉంటే రెండు ప్రాణాలు పోయేవన్నారు. బ్రహ్మయ్య కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. విడిపోయిన అతుకు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలిని నాలుకకు తగిలించాడు. పులుపూ ఉప్పూ రెండూ తగిలి ఉండాలి. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. రాగి తీగ కళ్లద్దాల వెనక ఆ కళ్లలో కోపం లేదు. ఆయన ఎదురుచూస్తున్నాడు. నేను మాట్లాడడానికి కావలసినంత సమయం ఇచ్చాడు. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను.

"నాదే తప్పు సాబ్," అన్నాడు చివరికి. "ఇంక జర కడుగవలసుండె. కడుగకుంట పోయిన."

అరుగు మీద ఎవరో, మోటరుకు చారు పోస్తే అన్నం ఎవలు పెట్టాలె అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆ పూటకు ఆగలేదు. వారం తిరక్కముందే ఆయన చారు బ్రహ్మయ్య అయ్యాడు. బస్సు యజమాని తన రేడియేటర్లను హైదరాబాదు పంపడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లూ అదే దారి పట్టారు.

నెల రోజులకు నేను ఆయన ఇంటికి పోయాను. మధ్యాహ్నం పూట. ఎవరిదో పాత చెంబుకు కళాయి వేస్తున్నాడు. నేను గడపలో నిలబడే, కాకా ఆ రోజు నేను, అని మొదలుపెట్టాను. ఆయన చెంబు మీంచి కళ్లెత్తకుండా, "కడుగంగ నడుమ ఎవలొచ్చిన్రు?" అని అడిగాడు. ఎవరో వచ్చి ఉంటారని ఆయనకెలా తెలుసో నాకు తెలియదు. రాములు వచ్చాడని, వాడి ముందు వేలు నాలుకకు పెట్టుకోలేకపోయానని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. మనస్ఫూర్తిగా నవ్వాడు.

"నిజమేరా. బామ్మర్ది ముంగట ఎవడన్న మోటరు నీళ్లు నాకుతడా?"

ఇప్పుడే పోయి డాక్టరు గారికి అంతా చెప్పేస్తానన్నాను. ఆయన చెంబును కింద పెట్టాడు.

"చెప్తే నీ కొలువు పోతది. నీ పెండ్లాం కడుపుతోని ఉన్నదంటివి. నాకేంది, నాకు బిందెలున్నయి. బిందెలు చేసుకుంట బతుకుత. నువ్వు పో."

నేను ఆ గదిలో నలువైపులా చూశాను. బిందె ఒక్కటీ లేదు. ఇత్తడి రేకు చుట్ట ఉండే మూల ఖాళీ. పెద్ద సుత్తులు గోడకు వరసగా వేలాడుతున్నాయి, వాటి మీద దుమ్ము పేరుకుంది. రేకు రావడం ఆగిపోయి రెండేళ్లవుతోందని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. అంగట్లో జనం తేలికపాటి జర్మన్ గిన్నెలు, అంటే అల్యూమినియంవి, కొనుక్కుంటున్నారు. మోటరు పని పోతే ఆయనకు మిగిలింది ఆ పాత చెంబు లాంటివి నాలుగు. ఇవన్నీ కళ్లతో చూసి కూడా, నీకు బిందెలున్నాయి కదా కాకా అని నాకు నేను చెప్పుకుని, ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చేశాను. కడగకపోవడం ఒక పూట తప్పు. అబద్ధం చెప్పడం భయం వల్ల. కానీ ఆ ఖాళీ గదిని చూసి ఆయన మాట నమ్మినట్టు నటించడానికి నాకు ఏ సాకూ దొరకడం లేదు.

ఆ చలికాలంలో ఆయన ఇంటికి తాళం వేసి ములుగులో కూతురి దగ్గరికి పోయాడు. నేను కనబడి పోయిరమ్మనలేదు. కొన్నాళ్లకు డాక్టరు గారు హైదరాబాదు వెళ్లిపోయారు. నేను రోడ్డు పక్కన ఈ షెడ్డు పెట్టుకున్నాను. బ్రహ్మయ్య నేర్పినదే నా విద్య. ఆయన చనిపోయిన సంగతి నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. అప్పుడూ ములుగు పోలేదు.

పోయిన వారం మల్లేశం ఆ మాట అని అందరూ నవ్విన మరునాడు పోయాను. కూతురు సత్తెమ్మ ఇల్లు రోడ్డుకు దగ్గరే. జుట్టు నెరిసింది. నేను సిద్దిపేట నుంచి వచ్చానని, పేరు నర్సింహులని చెప్పగానే పీట వేసి మంచినీళ్లు తెచ్చింది. నేను నీళ్లు ముట్టకుండా జరిగిందంతా చెప్పాను. కడగకపోవడం, రాములు రావడం, అరుగు మీద నేను తల దించుకోవడం, బిందెలు లేని గది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని విన్నది. ఏడవలేదు. కొంగు సర్దుకుని, "సిద్దిపేట ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవని ఎన్నోసార్లు అడిగినం అన్నా. చేతుల బలం తగ్గిందనేటోడు," అంది.

తప్పయిందమ్మా అన్నాను.

"గది నాకెందుకు చెప్తవు? నవ్వినోళ్లకు చెప్పు."

లేచి వస్తుంటే గడప దగ్గర మళ్లీ పిలిచింది. కోపంగా ఉందో లేదో ఆమె మొహంలో తెలియలేదు.

"ఇక్కడ రోడ్డు మీద ఎవల లారీ అన్న ఆగి పొగలు గక్కితే మా నాయిన పోయి చూసేటోడు. ముట్టుకునేటోడు గాదు. సిద్దిపేటల నర్సిములు అనేటోడున్నడు, ఓపికతోని కడుగుతడు, గాయిన దగ్గరికి పోండ్రి అని తోలేటోడు. పోయేదాంక అందరికి గదే చెప్పిండు."

షెడ్డు పెట్టిన కొత్తలో నాకు వచ్చిన బండ్లు ఎక్కువ ఆ వైపు నుంచే వచ్చేవి. రోడ్డు పక్కన ఉన్నాను కనుక వస్తున్నాయనుకున్నాను. నా చేతి పని చూసి ఒకరికొకరు చెప్పుకుంటున్నారని కూడా అనుకున్నాను, ఆ మాట ఇంట్లో చెప్పుకుని మురిశాను. నా ఇద్దరు పిల్లలు ఆ బండ్ల మీదే పెరిగారు. ఓపికతో కడుగుతాడన్న మాట అబద్ధమని భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకాయన దాన్ని వచ్చేపోయే ప్రతి డ్రైవరుకూ చెప్పుకుంటూ బతికాడు. తిరుగు బస్సులో కూర్చున్నప్పటి నుంచి ఆ అబద్ధమే నన్ను పట్టుకుంది. ఆయన మాట పోకుండా చూసుకోవడం తప్ప ఇక నాకు వేరే పని లేదనిపించింది.

నవ్వినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. బస్సు యజమాని పోయాడు. డాక్టరు గారు ఎక్కడున్నారో తెలియదు. మల్లేశానికి చెప్పాను. వాడు చేతిలోని పానా కింద పెట్టి బయటికి పోయాడు. నాలుగు రోజులుగా నాతో సరిగా మాట్లాడడం లేదు, అది సబబే. ఇప్పుడు ములుగు వైపు నుంచి బండి వస్తే పనయ్యాక డ్రైవరును కూర్చోబెట్టి బ్రహ్మయ్య ఎవరో చెబుతున్నాను. కొందరు వింటారు. కొందరికి తొందర. తొందర ఉన్నవాళ్లకు బండి ఎక్కుతుండగా చెబుతాను.